క్యుబెక్ వంతెన – సొంత బరువు మరిచిన కథ

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం రోజూ వాడే మాటల్లో సగం సివిల్ ఇంజనీర్ల దగ్గర అప్పు తెచ్చుకున్నవే. ఆర్కిటెక్చర్, ఫ్రేమ్‌వర్క్, లోడ్, స్ట్రెస్ టెస్ట్, బ్రిడ్జి... ఆ మాటకొస్తే 'ఇంజనీర్' అన్నది కూడా. మాటలైతే తెచ్చుకున్నాం గానీ వాటి వెనకున్న లెక్కలు, ఆ లెక్కలు తప్పినప్పుడు జరిగిన సంగతులు మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం. "వంతెనలు కట్టినంత పద్ధతిగా మనం సాఫ్ట్‌వేర్ ఎందుకు కట్టలేం? వాళ్ళవి కూలవు కదా" అని ఏ మీటింగులో చూసినా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. కూలకపోవడమేమిటండీ, శుభ్రంగా కూలాయి. కూలాకే వాళ్ళు చాలా వరకు నేర్చుకున్నారు.

అలా కూలినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది కెనడాలో, క్యుబెక్ నగరం దగ్గర, సెయింట్ లారెన్స్ నది మీద కడుతుండగా 1907 ఆగస్టు 29న కూలిన వంతెన. సివిల్ వాళ్ళకి ఈ కథ కొట్టిన పిండి. మనవైపు ఎందుకో అంతగా తెలీదు. నిజానికి తెలియాల్సింది మనకే. ఇందులో రిక్వైర్‌మెంటు మారినా ఎస్టిమేటు మారకపోవడం ఉంది. సైటు మొహం చూడని ఆర్కిటెక్టు ఉన్నాడు. రివ్యూ అంటే అవమానంగా భావించిన పెద్దమనిషీ ఆయనే. పని ఆపమని పంపిన కబురు, అందాల్సిన చోటికి అందకపోవడం కూడా ఉంది.

కథలోకి వెళ్ళేముందు వంతెన మీద ఏ బలాలు పనిచేస్తాయో కాస్త చెప్పుకోవాలి. భయపడకండి, ఫార్ములా ఒక్కటే.

మన ఊళ్ళల్లో పంటకాలవ మీద తాటిదుంగ వేసి దాటతాం చూశారూ, వంతెనల్లో ఆదిమానవుడు అదే. దాని మధ్యలో నిలబడితే దుంగ కొంచెం కిందకి వంగుతుంది. వంగినప్పుడు దుంగ పైభాగం నొక్కుకుపోతుంది, అడుగుభాగం సాగుతుంది. నొక్కుడుకి కంప్రెషన్ అని, లాగుడుకి టెన్షన్ అని పేరు. అడ్డంగా కోసెయ్యాలని చూసే షియర్ ఒకటి, గుడ్డ పిండినట్టు మెలితిప్పే టార్షన్ ఒకటి కూడా ఉన్నాయి గానీ, ఈ కథకి నొక్కుడు, లాగుడు తెలిస్తే చాలు. పెద్దపెద్ద వంతెనలన్నీ ఈ రెండిటినీ ఎక్కడికి పంపించాలి, ఎవరి నెత్తిన వెయ్యాలి అన్న తెలివితేటల్లోంచి పుట్టినవే.

దుంగ మధ్యభాగంలో సరుకు పెద్దగా పని చెయ్యదు. ఆ దండగ సరుకు తీసేసి, పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ పెట్టి, మధ్యలో త్రికోణాలు అల్లితే అది ట్రస్. కమాను వంతెనలో ఉన్నదంతా నొక్కుడే. అందుకే లాగుడుకి ఆగని రాయితో కూడా కమానులు కట్టగలిగారు. కాకపోతే కమాను కాళ్ళు రెండు పక్కలకీ తన్నుతుంటాయి, వాటిని ఆపడానికి గట్టి దన్ను కావాలి. రాజమండ్రిలో 1997లో వచ్చిన గోదావరి రైలు వంతెన ఉంది కదా, అక్కడ ఆ తన్నుడుని ఆపుతున్నది కింద అడ్డంగా ఉన్న గర్డర్. విల్లుని నారి పట్టుకున్నట్టు. దాని పక్కనే ఉన్న 1900 నాటి హేవలాక్ వంతెన మాత్రం మన తాటిదుంగకి ముని మనవడు. ఒక్కొక్కటి 150 అడుగుల ఉక్కు గర్డర్లు 56 వరసగా పేర్చుకుంటూ నదిని దాటేశారు. వేలాడే వంతెనలో కేబుల్ పని మొత్తం లాగుడే.

ఇంకొకటి మిగిలింది, కాంటిలీవర్. ఈ కథకి కావలసింది అదే. ఇంటి బాల్కనీ కాంటిలీవరే: ఒక కొస గోడలో ఇరుక్కుని ఉంటుంది, రెండోది గాలిలో ఉంటుంది. నదికి రెండు పక్కల నుంచీ అలాంటి బాల్కనీలు రెండు నీళ్ళ మీదికి చాచి, మధ్యలో మిగిలిన ఖాళీలో ఒక చిన్న వంతెన వేలాడదీస్తే కాంటిలీవర్ వంతెన అయిపోయింది. నది మధ్యలో పరంజా కట్టక్కర్లేదు, ఒడ్డు నుంచి కొంచెం కొంచెం ముందుకి పెంచుకుంటూ పోవచ్చు. మన దేశంలో 1943 నాటి హౌరా బ్రిడ్జి ఈ జాతిదే.

ఇది ఎలా నిలబడుతుందో చెప్పడానికి 1887లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బెంజమిన్ బేకర్ అనే ఇంజనీరు చూపించిన ఫొటో ఒకటి ఇంటర్నెట్‌లో తేలిగ్గానే దొరుకుతుంది. చూసి తీరాల్సిన ఫొటో. ఇద్దరు పెద్దమనుషులు దూరం దూరంగా కుర్చీల్లో కూచుని చేతులు బారజాపి ఉంటారు. వాళ్ళ చేతుల్లో కర్రలు, ఆ కర్రల కింది కొసలు కుర్చీల మీద ఆని ఉంటాయి. ఇద్దరి మధ్యా వేలాడే చిన్న పలక మీద కైచి వాతనబే అనే జపాన్ ఇంజనీరు కూచుని ఉంటాడు. ఆ పెద్దమనుషుల బయటి చేతులు పైకి లేచిపోకుండా వాటికి ఇటుకల బరువు కట్టారు. వాతనబే కూచోగానే చేతులు లాగబడతాయి, కర్రలు నొక్కబడతాయి. ఆ చేతుల్ని, ఆ కర్రల్ని గుర్తుపెట్టుకోండి. క్యుబెక్‌లో విరిగింది కర్ర.

బేకర్ ఆ ఉపన్యాసం చెప్పింది అప్పటికి తను కడుతున్న ఫోర్త్ వంతెన గురించి. అది స్కాట్లాండ్‌లో ఉంది. దానికి కొన్నేళ్ళ ముందే, 1879 డిసెంబరు 28 రాత్రి, అదే దేశంలో టే నది మీది రైలు వంతెన గాలివానకి రైలుతో సహా నీళ్ళలో పడిపోయింది. కట్టిన థామస్ బౌచ్ గాలి బలాన్ని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకోలేదని విచారణలో తేలింది. ఫోర్త్ మీద వేలాడే వంతెన కట్టే పని కూడా అప్పటికి ఆయన చేతిలోనే ఉంది. అది లాగేసుకుని జాన్ ఫౌలర్‌కి, బేకర్‌కి ఇచ్చారు. వాళ్ళు భయపడుతూ కట్టారు. ఆ భయం 1890లో పూర్తయిన ఫోర్త్ వంతెన ఒంటినిండా కనపడుతుంది. నొక్కుడు పడే చోటల్లా 12 అడుగుల వ్యాసం ఉన్న ఉక్కు గొట్టాలు. మధ్య స్పాన్ 1710 అడుగులు, అప్పటికి ప్రపంచంలోనే పెద్దది.

అమెరికాలోని పెద్ద ఇంజనీర్లలో ఒకాయనకి ఈ వంతెన అస్సలు నచ్చలేదు. ఇంత మొరటు కట్టడం మనిషన్నవాడు ఇంకోటి కట్టలేదని, అదే డబ్బు అమెరికా వాడి చేతికిస్తే వంతెన కట్టి సగం తిరిగి ఇచ్చేవాడని ఆయన అభిప్రాయం. ఆయన పేరు థియొడోర్ కూపర్.

కూపర్‌ని తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. 1839లో పుట్టినవాడు, సెయింట్ లూయీలో జేమ్స్ ఈడ్స్ మిసిసిపీ మీద కట్టిన ప్రసిద్ధ వంతెన దగ్గర పనిచేసి పేరు తెచ్చుకున్నాడు. రైలు ఇంజను, దాని వెనకాల పెట్టెలు వంతెన మీద ఎంత బరువు మోపుతాయో లెక్క కట్టడానికి 1894లో ఆయన తయారుచేసిన పద్ధతిని కూపర్ లోడింగ్ అంటారు. ఈనాటికీ ఉత్తర అమెరికా రైలు వంతెనలకి అదే కొలమానం. ఇప్పుడు అది ఈ-80 అయింది, అంతే తేడా. అంటే వంతెన మీదికి వచ్చే బరువు సంగతి లోకానికి నేర్పిన మనిషి ఆయన. ఆ మాట ఇక్కడ పెట్టి ముందుకెళదాం.

క్యుబెక్ బ్రిడ్జి కంపెనీ 1887లోనే పుట్టింది గానీ చేతిలో డబ్బుల్లేవు. దాని చీఫ్ ఇంజనీరు ఎడ్వర్డ్ హోర్‌కి అంత పెద్ద వంతెన కట్టిన అనుభవం లేదు. అందుకని న్యూయార్క్‌లో ఉన్న కూపర్‌ని కన్సల్టింగ్ ఇంజనీరుగా పెట్టుకున్నారు. 1899లో ఆయన టెండర్లు చూసి, పెన్సిల్వేనియాలోని ఫీనిక్స్‌విల్ ఊరి ఫీనిక్స్ బ్రిడ్జి కంపెనీ డిజైన్ మంచిదీ, చవకైందీ అని తేల్చాడు. అప్పటికి మధ్య స్పాన్ 1600 అడుగులు.

1900లో కూపర్ దాన్ని 1800 అడుగులకి పెంచమన్నాడు. స్తంభాలు లోతు తక్కువ ఉన్న చోటికి జరుగుతాయి, చలికాలం నదిలో కొట్టుకొచ్చే మంచుగడ్డల బాధ తగ్గుతుంది, పునాదుల పని తొందరగా తెములుతుంది అని కారణాలు చెప్పాడు. కారణాలు సరైనవే. 1800 అయితే ఫోర్త్‌ని దాటి ప్రపంచ రికార్డు అవుతుందన్న సంగతి ఆయన మనసులో ఎంతుందో మనం చెప్పలేం. లేదనుకోవడం మాత్రం కష్టం.

ఇక్కడే ఆ ఒక్క ఫార్ములా. సమానంగా పరుచుకున్న బరువు వల్ల మామూలు దూలం మధ్యలో వచ్చే వంపు బలం, అడుగుకి ఇంత అన్న బరువుని పొడవు వర్గంతో గుణించి 8తో భాగిస్తే వస్తుంది. కాంటిలీవర్‌కి 8 మారుతుంది, పొడవు వర్గం మాత్రం మారదు. 1600 నుంచి 1800 అంటే పొడవు పెరిగింది పన్నెండున్నర శాతమే. వర్గం చేస్తే దాదాపు 27 శాతం. అక్కడితో ఆగదు. ఆ పెరిగిన బలాన్ని మొయ్యడానికి ఉక్కు లావు చెయ్యాలి, లావు చేస్తే అడుగుకి బరువు పెరుగుతుంది, ఆ బరువు మొయ్యడానికి మళ్ళీ ఉక్కు కావాలి. రికర్షన్ అన్నమాట, బేస్ కేసు దొరికేదాకా తిరగాల్సిందే :-)

పెద్ద స్పాన్‌లతో వచ్చే చిక్కంతా ఇదే. చిన్న కల్వర్టు మీద లారీ ఎక్కితే లారీ బరువే ముఖ్యం. పెద్ద వంతెన తన బలంలో ఎక్కువ భాగం తనని తాను మోసుకోవడానికే ఖర్చు పెడుతుంది. రైలు వచ్చినా రాకపోయినా, గాలి వీచినా వీచకపోయినా పగలూ రాత్రీ ఉండే బరువు అది. దానికి డెడ్ లోడ్ అని పేరు పెట్టారు.

స్పాన్ 1800 అయ్యాక ఫీనిక్స్ కంపెనీ ఆ డెడ్ లోడ్‌ని తిరిగి లెక్క కట్టలేదు. పాత అంచనా బరువులతోనే కొత్త డిజైన్ సాగింది. అది ఎందుకలా జరిగిందో అర్థం చేసుకోవడం మనకి కష్టం కాదు. 1900లో స్పాన్ మారింది, కానీ డబ్బులు లేవు కాబట్టి మూడేళ్ళు ఉక్కు డిజైన్ పని పెద్దగా నడవలేదు. ఆర్డరు ఖాయం కాని పనికి లెక్కలు చెయ్యడానికి ఎవడు మనుషుల్ని పెడతాడు? 1903లో కెనడా ప్రభుత్వం అప్పుకి పూచీ పడింది. అంతే, ఒక్కసారి అందరికీ తొందర పుట్టుకొచ్చింది. డ్రాయింగులు గీసెయ్యాలి, ఉక్కు కోసెయ్యాలి. మూడేళ్ళ సోమరితనం తరవాత మూడు వారాల గడువు. ఇలాంటి ప్రాజెక్టులో ఒక్కసారైనా పనిచెయ్యని వాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా?

ఆ ఏడాదే ప్రభుత్వ రైల్వే శాఖలోని రాబర్ట్ డగ్లస్ అనే ఇంజనీరు, కూపర్ సడలించిన స్పెసిఫికేషన్లు చూసి, ప్రభుత్వం తరఫున ఇంకో నిపుణుడి చేత పరీక్ష చేయిస్తే బాగుంటుందన్నాడు. కూపర్‌కి కోపం వచ్చింది. ఇంకొకరి కింద పనిచేసేవాడిగా నన్ను నిలబెడితే ఒప్పుకోను అని రాశాడు. ఒట్టావా వెళ్ళి మాట్లాడొచ్చాడు. తుది మాట ఆయనదే అని ఖాయమైంది. తనకిచ్చే జీతం సరిపోదని, సహాయకుల్ని పెట్టుకునే స్తోమత లేదని మాత్రం అంటూ ఉండేవాడు. మొత్తానికి ప్రపంచంలోకెల్లా పెద్ద వంతెన లెక్కలు సరిచూసే బాధ్యత అరవై దాటిన, ఆరోగ్యం బాగాలేని ఒక్క మనిషి మీద పడింది. 1903 తరవాత ఆయన సైటుకి రాలేదు. ఉక్కు నిర్మాణం లేవడం ఆయన కళ్ళతో చూడనే లేదు. ఆయన తరఫున సైటులో ఉన్నది నార్మన్ మెక్‌లూర్, కాలేజీ వదిలి ఎక్కువ కాలం కాని కుర్రాడు. ఉత్తరాలు రాసి, జవాబు కోసం ఎదురుచూడ్డం అతని ఉద్యోగం. న్యూయార్క్ నుంచి క్యుబెక్ ఏడెనిమిది వందల కిలోమీటర్లు.

1906 ఫిబ్రవరిలో, ఫ్యాక్టరీలో తయారైన ఉక్కుని తూచి చూస్తే, అనుకున్నదానికంటే బరువు బాగా ఎక్కువ తేలింది. కూపర్ లెక్క వేసుకున్నాడు. భాగాల మీద ఒత్తిడి తను అనుకున్నదానికంటే 7 నుంచి 10 శాతం పెరుగుతుంది. తను ముందే పెట్టుకున్న హద్దులు మామూలు కంటే ఎక్కువ, దాని మీద ఇది. అప్పటికే బోలెడు ఉక్కు తయారైపోయింది, కొంత నిలబడిపోయింది కూడా. తప్పు ఒప్పుకుంటే మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఫరవాలేదు, కానివ్వండి అన్నాడు.

నా దృష్టిలో కథ మొత్తానికి ముఖ్యమైన క్షణం ఇదే, కూలిన రోజు కాదు. 1900లో లెక్క మళ్ళీ కట్టకపోవడం మరుపో, నిర్లక్ష్యమో అనుకోవచ్చు. 1906లో తెలిసింది. తెలిసి, సేఫ్టీ మార్జిన్ లోంచి అప్పు తీసుకున్నారు. మార్జిన్ ఉన్నది మనకి తెలియనివాటి కోసం. తెలిసిన తప్పుని కప్పడానికి దాన్ని వాడేస్తే, తెలియనిది ఎదురొచ్చినప్పుడు చేతిలో ఏమీ మిగలదు.

తెలియనిది ఒకటి నిజంగానే ఉంది. అది కర్ర సంగతి.

లాగుడు, నొక్కుడు రెండూ ఒకటి కావు. తాడుని లాగితే తిన్నగా అవుతుంది. చీపురుపుల్లని రెండు కొసలా పట్టుకుని నొక్కండి, నలిగిపోయే లోపే మధ్యలోంచి పక్కకి వంగి టక్కున విరుగుతుంది. పుల్లలో బలం చాలక కాదు, తిన్నగా నిలబడలేక. బక్లింగ్ అంటారు దీన్ని. సన్నటి స్తంభాలకి దీని లెక్క 18వ శతాబ్దంలోనే ఆయిలర్ చెప్పాడు. కానీ పలకలు, ముక్కలు అతికించి కట్టిన పెద్ద స్తంభాలు ఎలా వంగుతాయో 1900 నాటికి ఎవరికీ సరిగ్గా తెలీదు. బేకర్ గొట్టాలు వాడి ఆ గొడవ తప్పించుకున్నాడు. క్యుబెక్‌లో నొక్కుడు మోసే కింది పట్టీలు గొట్టాలు కావు. నిలువు ఉక్కు పలకలు నాలుగింటిని పక్కపక్కన నిలబెట్టి, వాటిని సన్నటి అడ్డబద్దీలతో, రివెట్లతో కలిపి అల్లారు. నాలుగూ ఒక్కటిగా పనిచెయ్యాలంటే ఆ బద్దీలు గట్టిగా ఉండాలి. లేకపోతే నాలుగు చీపురుపుల్లలు విడివిడిగా నిలబడ్డట్టే. పైగా అందం కోసం ఆ పట్టీలని కొంచెం వంపుగా పెట్టారు. లాగుడు మోసే భాగాలకి పరీక్షలు బాగానే చేశారు. నొక్కుడు మోసే వాటికి ఆ శ్రద్ధ దక్కలేదు. అంత పెద్ద భాగాన్ని పెట్టి నొక్కే యంత్రమే అప్పట్లో లేదు.

1907 ఆగస్టు మొదటి వారంలో కింది పట్టీల్లో కొన్ని అతుకుల దగ్గర వరస తప్పాయని మెక్‌లూర్ కూపర్‌కి రాశాడు. ఎలా జరిగింది అని కూపర్ అడిగాడు. ఫ్యాక్టరీ నుంచే అలా వంకరగా వచ్చాయి అని ఫీనిక్స్ వాళ్ళు అన్నారు. కాదు, ఎక్కించాకే వంగాయి అని మెక్‌లూర్ అన్నాడు. ఉత్తరాలు తిరిగాయి. "మా మెషిన్‌లో బాగానే ఉంది" అన్న జవాబుకి నూరేళ్ళ చరిత్ర ఉందని ఇది చదివినప్పుడే నాకు తెలిసింది.

27వ తారీకున ఏ9ఎల్ అని నంబరు వేసిన 57 అడుగుల పట్టీని కొలిస్తే రెండుంబావు అంగుళాలు వంగి ఉంది. కొద్దిరోజుల క్రితం కొలిచినప్పుడు ముప్పావు అంగుళమే. ఫ్యాక్టరీ నుంచి వంకరగా వచ్చిన ముక్క సైటులో ఉండి ఉండి ఇంకా వంకర అవదు కదా. ఫోర్‌మన్ బెంజమిన్ యెన్సర్ పని ఆపాడు. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాడు. హోర్ అడ్డు చెప్పలేదు, పని ఆపేస్తే మనుషుల ధైర్యం దెబ్బతింటుందని ఆయన ఆలోచన. మెక్‌లూర్‌ని మాత్రం కూపర్‌తో నేరుగా మాట్లాడి రమ్మని రైలెక్కించారు.

29 ఉదయం మెక్‌లూర్ న్యూయార్క్‌లో కూపర్ ఆఫీసుకి చేరాడు. కూపర్‌కి వెంటనే అర్థమైంది. మధ్యాహ్నం 12 దాటాక టెలిగ్రాం ఇచ్చాడు, సంగతి పూర్తిగా పరిశీలించేదాకా వంతెన మీద ఇంక బరువు పెట్టొద్దని. ఇచ్చింది క్యుబెక్‌కి కాదు, ఫీనిక్స్‌విల్‌కి. అక్కడ పని ఎప్పుడో ఆపేసి ఉంటారనే ఆయన అనుకున్నాడు. మెక్‌లూర్ సైటుకి టెలిగ్రాం ఇవ్వకుండా ఫీనిక్స్‌విల్ రైలెక్కాడు. ఫీనిక్స్ చీఫ్ ఇంజనీరు జాన్ డీన్స్‌కి టెలిగ్రాం అందింది. సైటు వాళ్ళకి ఆ కబురు వెళ్ళలేదు. సాయంత్రం మెక్‌లూర్ వచ్చాక కూచుని మాట్లాడుకుని, రేపు పొద్దున చూద్దాం అనుకుని లేచారు.

అదే సాయంత్రం 5 గంటల 37 నిమిషాలకి, పని దిగే వేళకి, ఆ పట్టీల అడ్డబద్దీలు తెగాయి. ఏ9ఎల్ ముడుచుకుపోయింది, దాని రెండోవైపు జోడీ కూడా. దాదాపు 19 వేల టన్నుల ఉక్కు 15 సెకన్లలో నేలకూలింది. పైన 86 మంది ఉన్నారు. 75 మంది పోయారు, యెన్సర్‌తో సహా. ఒడ్డువైపు ఉక్కు కింద ఇరుక్కుని ప్రాణాలతో ఉన్న కొందరిని బయటికి తియ్యలేకపోయారు. ఆ నదికి పోటు ఉంది. రాత్రి నీళ్ళు పెరిగాయి.

ఆ టెలిగ్రాం సైటుకి వెళ్ళినా వంతెన నిలిచేది కాదనుకుంటాను, అప్పటికే దాని పని అయిపోయింది. కానీ మనుషుల్ని దించెయ్యడానికి నాలుగైదు గంటల టైము ఉంది.

ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్‌లో హోల్‌గేట్, కెర్రీ, గాల్‌బ్రెయిత్ అని ముగ్గురు ఇంజనీర్లు. 1908లో వాళ్ళిచ్చిన నివేదిక ఇంజనీరింగ్ రిపోర్టు ఎలా ఉండాలో చూపిస్తుంది. డిజైన్ చేసిన ఫీనిక్స్ ఇంజనీరు పీటర్ ష్లాప్కా, ఆమోదించిన కూపర్ ఇద్దరిదీ తప్పు అని పేర్లు పెట్టి రాశారు. అలాగని వాళ్ళకి పని రాదనో, ఒళ్ళు వంచలేదనో అనలేదు. నిర్ణయంలో తప్పు అన్నారు. కూలింది కింది పట్టీల అల్లిక బలహీనత వల్ల. డెడ్ లోడ్ లెక్క సరిచెయ్యకపోవడం వేరే తప్పు. పట్టీలు గట్టిగానే ఉన్నా, ఈ రెండో తప్పు ఒక్కటి చాలు వంతెనని పనికిరానిదిగా తేల్చడానికి అన్నారు. చాలామంది ఈ కథ చెప్పేటప్పుడు "లెక్క మళ్ళీ కట్టలేదు, కూలింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కమిషన్ రాసింది అంతకంటే భయంకరం. రెండు వేరు వేరు బగ్గులు, ఏ ఒక్కటీ చిన్నది కాదు, రెండూ ఒకే రివ్యూలోంచి జారిపోయాయి. ఇలాంటి స్తంభాల గురించి ఈనాటి వృత్తి జ్ఞానం చాలదు అని కూడా ఆ రిపోర్టులో ఒప్పుకున్నారు. తరవాత ఆ పట్టీకి చిన్న నమూనా చేసి ఫీనిక్స్‌విల్‌లో నొక్కి చూస్తే, నిజంగానే అడ్డబద్దీల దగ్గర చటుక్కున తెగింది. ఆ పరీక్ష ముందే చేసుంటే?

చనిపోయిన 75 మందిలో 33 మంది మాంట్రియల్ దగ్గరి కానవాగే అనే ఊరి మోహాక్ జాతి వాళ్ళు. ఎత్తుల్లో ఉక్కు పనికి పేరుపడ్డ మనుషులు. ఒక్క సాయంత్రంలో ఒక్క ఊరు అంతమందిని పోగొట్టుకుంది. మొగవాళ్ళంతా ఇంకెప్పుడూ ఒకే పనిలోకి వెళ్ళకూడదని ఆ ఊరి ఆడవాళ్ళు పట్టుబట్టారని చెప్పుకుంటారు. ఆ తరవాత వాళ్ళు చిన్న చిన్న గుంపులుగా వేరే వేరే ఊళ్ళ పనుల్లోకి చెదిరిపోయారు. న్యూయార్క్ ఆకాశహర్మ్యాల మీద మోహాక్ పనివాళ్ళ పేరు వినపడేది అందుకే. ఇంత పెద్ద ప్రాజెక్టులో అందరి కంటే పనికొచ్చే నిర్ణయం తీసుకున్నది ఇంజనీర్లు కాదు, వాళ్ళు. కానవాగే శ్మశానంలో కొన్ని సమాధుల మీద శిలువలు ఉక్కు దూలాలతో చేసినవే.

రెండో వంతెన ప్రభుత్వమే దగ్గరుండి కట్టించింది. ఈసారి ఒక్క మనిషి కాదు, ఇంజనీర్ల బోర్డు. పట్టీలు వంపుల్లేకుండా తిన్నగా, మొదటివాటికి రెట్టింపు మించిన లావుతో. వంతెన మొత్తం బరువు పాతదానికి సుమారు రెండున్నర రెట్లు. ఫొటోల్లో చూస్తే మొరటుగానే ఉంటుంది, ఫోర్త్ లాగా. అయినా కష్టం వదల్లేదు. మధ్య భాగాన్ని వేరేచోట కట్టి, నీళ్ళ మీద తేల్చుకొచ్చి పైకి ఎత్తుతుండగా, 1916 సెప్టెంబరు 11న ఒక మూల ఆనించిన ఇనప పోత విరిగి, సుమారు 5 వేల టన్నుల భాగం నదిలో పడిపోయింది. ఇంకో 13 మంది పోయారు. మరుసటి ఏడాది అలాంటిదే ఇంకోటి చేసి ఎత్తారు. 1917లో రైళ్ళు నడిచాయి. 1919 ఆగస్టులో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. ఆ ఏడాదే కూపర్ పోయాడు. కూలిన తరవాత ఆయన మళ్ళీ పెద్ద పనేదీ ఒప్పుకోలేదు.

కెనడాలో ఇంజనీరింగ్ చదివిన మనవాళ్ళని చూస్తే పని చేసే చేతి చిటికెన వేలికి ఉక్కు ఉంగరం ఒకటి కనపడుతుంది. 1925లో మొదలైన ఆచారం, ప్రమాణం కూడా ఉంటుంది. ఆ ప్రమాణం రాసింది రడ్యార్డ్ కిప్లింగ్. మొదటి ఉంగరాలు కూలిన క్యుబెక్ వంతెన ఇనుముతో చేశారని అందరూ చెప్తారు. అది నిజం కాదు. ఉక్కుతో కాకపోయినా, ఆ కథతోనే చేసినవి అనుకోవచ్చేమో.

1800 అడుగుల స్పాన్, అంటే 549 మీటర్లు, కాంటిలీవర్ వంతెనల్లో ఇప్పటికీ ప్రపంచ రికార్డే. మొన్న మొన్న కొట్టెయ్యలేనంత కష్టమైనదేం కాదు, వేలాడే వంతెనలూ కేబుల్ స్టేడ్ వంతెనలూ వచ్చాక ఎవరికీ అవసరం పడలేదు, అంతే. 1916లో పడిన భాగం నది అడుగున అలాగే ఉంది. దాని మీదుగా రైళ్ళు, కార్లు పోతూనే ఉన్నాయి. ఈమధ్య దాని గొడవంతా తుప్పు గురించి. పెయింట్ ఎవరు వెయ్యాలి అని రైల్వే కంపెనీకి, ప్రభుత్వానికి ఏళ్ళ తరబడి కోర్టులో తగువు నడిచింది. 2024లో ప్రభుత్వమే వంతెనని వెనక్కి తీసుకుంది.